పదకొండున పూలు, పన్నెండున పాయసం

దరఖాస్తు ఫారంలో నా పేరుకు ఎదురుగా ఉన్న గడిలో "ఆధారితుడు" అని వ్రాయవలసి వచ్చినప్పుడు నేను కలానికి మూత పెట్టి, లేచి వెళ్ళి, ఒక గ్లాసు మంచినీళ్ళు త్రాగి వచ్చి మళ్ళీ కూర్చున్నాను. ముప్పైనాలుగు సంవత్సరాలు ఒక కళాశాల కార్యాలయానికి సూపరింటెండెంటుగా, ఆపైన పరిపాలనాధికారిగా ఉన్నవాణ్ణి. నా సంతకం లేకుండా ఆ భవనంలో ఒక సుద్దముక్క కూడా ఈ గది నుండి ఆ గదికి కదలలేదు. అటువంటి నేను అరవైతొమ్మిదవ ఏట ఒకరి మీద ఆధారపడి పరదేశానికి పోతున్నానని, ఆ ఒకరు మా ఆవిడేనని, నా చేతివ్రాతతోనే ధ్రువీకరించవలసి వచ్చింది. అదీ ఆంగ్లంలో, పెద్ద అక్షరాలలో.

"రాయుండ్రి. చెయ్యి గుంజుతున్నదా?" అన్నది మా ఆవిడ, వీణ మీద దుమ్ము తుడుస్తూ.

సంగతి మొదటినుండి చెప్పడం పద్ధతి. మా ఆవిడ వీణ విద్వాంసురాలు. చిక్కడపల్లిలో కచేరీలు చేసింది, అశోక్‌నగర్‌లోని మా ఇంటి ముందుగదిలో ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పాఠాలు చెప్పుతున్నది. హిందూ మహాసముద్రంలో ఒక ద్వీపదేశం ఉన్నది. తరాల క్రితం చెరకు తోటల పనికి ఓడలెక్కి పోయిన మనవారి సంతతి అక్కడ ఈనాటికీ తెలుగు పాటలు పాడుకుంటున్నారు. ఆ దేశం పేరు చెప్పను. వీసా ఇచ్చినవారి పేరును బజారుకు ఈడ్చడం మర్యాద కాదు. అక్కడి తెలుగువారి సంఘం ఈమె కచేరీని ఎవరి ఫోనులోనో చూసి, రెండేళ్ళపాటు వచ్చి తమ పిల్లలకు వీణ నేర్పవలసిందని ఉత్తరం వ్రాసింది. ఉండడానికి ఇల్లు ఇస్తామన్నారు. శ్రావణమాసం మొదటి శుక్రవారం పాఠాలు ప్రారంభమన్నారు. భర్తను కూడా తోడు తెచ్చుకోవచ్చునని చివరి పంక్తిలో, సామాను జాబితాలో గొడుగును చేర్చినట్టుగా, నన్ను చేర్చారు.

కావలసింది దీర్ఘకాల నివాస వీసా. దానిమీద ఎన్నిసార్లయినా ఆ దేశంలోకి పోవచ్చు, రావచ్చు. ఏటికి ఒకసారైనా ఇక్కడి శిష్యులను చూసుకోవాలన్నది ఆమె షరతు.

"ఎన్నిమాట్లన్న రావచ్చు, పోవచ్చు అంటే నాకు మంచిదే," అన్నది. "అక్కడ మీరు ఫైళ్ళు సదురుడు మొదలువెట్టినప్పుడల్లా నేను విమానమెక్కి ఇక్కడికొచ్చి కూసుంట."

ఆమె హాస్యాన్ని పట్టించుకోకుండా నేను ఫైళ్ళు సర్దడం మొదలుపెట్టాను. రెండు ఫైళ్ళు: ఒకటి ఆమెది, రెండవది నాది. ఆమె ఫారం ఆమే నింపుకుంటానన్నది, నన్ను తాకనివ్వలేదు. నా ఫారం నేను నింపుకున్నాను. జతపరచవలసిన పత్రాలన్నిటికీ మూడేసి ప్రతులు తీయించడానికి మా వీధి మలుపులో ఉన్న జిరాక్స్ దుకాణానికి పోయాను. మా అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలెంతమందో జిరాక్స్ యంత్రాలు కూడా అన్నే ఉంటాయి. దుకాణం ఆయన పాలమూరు మనిషి. నా కాగితాల కట్టను చేతితో తూచి చూశాడు.

"ఏంది సార్, గ్రూప్స్ రాస్తున్నరా?"

"వీసాకు."

"గ్రూప్స్ రాసే పోరగాండ్లు గూడ ఇన్ని కాపీలు తియ్యరు సార్. మొత్తం మనిషినే మిషన్ల పెట్టి తీసినట్టున్నది."

నారాయణగూడలో ఫోటో తీయించుకున్నాము. వెనుక తెల్లని తెర, చెవులు కనపడాలి, నవ్వకూడదు అన్నవి నిబంధనలు. నా ఫోటో మొదటి తీతలోనే కుదిరింది. "సార్‌ది అయిపోయింది. ఇసొంటి మొఖం వీసాకు శానా మంచిది," అని స్టూడియో ఆయన మెచ్చుకున్నాడు. మా ఆవిడకు ఐదుసార్లు తీయవలసి వచ్చింది.

"మేడమ్, జర నవ్వకుండుండ్రి."

"ఆయన అట్ల ఎదురుంగ నిలవడి నా చెవులు లెక్కవెడుతుంటె నవ్వు ఆగుతదా? ముందు ఆయనను బయటికి పంపుండ్రి."

నేను బయట నిలబడ్డాను. ఆరవసారి అవసరం రాలేదు.

ఫైళ్ళను నేను ఎట్లా తయారుచేశానో చెప్పకుండా ముందుకు పోలేను. ప్రతి కాగితానికి ఎడమవైపు పైన ఒక రంధ్రం, ఆ రంధ్రాల గుండా కార్యాలయాలలో వాడే తెల్లదారపు ట్యాగు, ప్రతి పుటకు కుడివైపు పైన ఎర్ర సిరాతో అంకె, అన్నిటిపైన విషయసూచిక. నా ఫైలు నలభైరెండు పుటలు. నా ఉద్యోగకాలంలో ఏ ఫైలులోనుండీ ఒక్క కాగితం జారిపోలేదంటే అది ఈ ట్యాగు పుణ్యమే.

వీసా దరఖాస్తులు తీసుకునే కేంద్రం నగరానికి అటు చివర ఒక అద్దాల భవనంలో ఉన్నది. ఏప్రిల్ ఆఖరి వారంలో మాకు సమయం ఇచ్చారు. నేను నలభై నిమిషాలు ముందుగా తీసుకుపోయాను. మా ఆవిడ ఆ నలభై నిమిషాలూ అక్కడి కుర్చీలో కూర్చుని తొడమీద వేళ్ళతో ఏదో వర్ణం వాయించుకున్నది. మా వంతు వచ్చింది. కిటికీ అవతల ఒక అమ్మాయి నా ఫైలును ఇటు త్రిప్పి, అటు త్రిప్పి, ట్యాగు చివర ఉన్న లోహపు ముక్కను పట్టుకుని చూసింది.

"సార్, ఇది విప్పాలె. స్కానింగ్‌ల పోదు."

"విప్పితే వరుస తప్పుతుందమ్మా."

"నంబర్లు ఏసిండ్రు గద సార్, ఎర్రగ." ఆమె మరికొన్ని పుటలు త్రిప్పి ఆగింది. "ఒరిజినల్ మీద గూడ ఏసిండ్రా?"

"వరుసలో అసలు ప్రతి కూడా ఒక పుటే కదా."

మా ఆవిడ పైకప్పు వైపు చూసింది. ఆ అమ్మాయి మంచిది. తానే ట్యాగు విప్పింది. నలభైరెండు పుటలు బల్లమీద విడివిడిగా పడడం చూసి నాకు కొంచెం బెదురు పుట్టింది. తరువాత ఆమె మా రెండు ఫారాలను పక్కపక్కన పెట్టి వేలితో పోల్చుకుంటూ వచ్చి, ఒకచోట వేలు నిలిపింది.

"పెండ్లి తారీఖు మేడమ్ మే పన్నెండు అని రాసిండ్రు. సార్ మే పదకొండు అని రాసిండ్రు. ఏది కరెక్ట్?"

"పదకొండు," అన్నాను నేను.

"పన్నెండు," అన్నది మా ఆవిడ.

రెండు జవాబులూ ఒకేసారి వచ్చాయి. మా వెనుక వరుసలో ఎవరో నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం గంభీరంగానే అడిగింది.

"ఇద్దరు ఒక్క పెండ్లికే పోయిండ్రు గద సార్?"

ఇది కాగితం మీద తేలవలసిన విషయమని, ఆధారం ఉన్నదని చెప్పి, నేను ముప్పైఒకటవ పుట తీసి చూపించాను. అది మా పెళ్ళి శుభలేఖ నకలు. "మే 11 ఆదివారం రాత్రి 12 గంటల 47 నిమిషములకు, తెల్లవారితే సోమవారం" అని అందులో స్పష్టంగా అచ్చయి ఉన్నది. ఆ అమ్మాయి చదివింది.

"తెల్లవారితే అంటే ఏంది సార్?"

నేను వివరించాను. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో పుట్టి మరుసటి సూర్యోదయందాకా ఉంటుంది, అర్ధరాత్రి దాటినంత మాత్రాన వారం మారదు, కాబట్టి ఆ ముహూర్తం ఆదివారానిదే, ఆదివారం పదకొండు. ఆమె శ్రద్ధగా విన్నది. మా కళాశాలలో ఏ గుమాస్తా కూడా నా మాట అంత శ్రద్ధగా వినలేదు.

"నాకు సమజైంది సార్. కని అటు పంపేటప్పుడు సూర్యోదయమని రాస్తె వాళ్ళకు సమజ్ కాదు. మ్యారేజ్ సర్టిఫికెట్ ఉన్నదా?"

లేదు. మా కాలంలో పెళ్ళి చేసుకున్న తరువాత రిజిస్ట్రారు దగ్గరికి పోవడమంటే పెళ్ళిలో ఏదో లోటు జరిగిందని అర్థం. మేము పోలేదు.

ఆమె తీర్పు ఇది: మేడమ్ తన పనిమీద పోతున్నారు కాబట్టి వారి దరఖాస్తు ఈరోజే తీసుకుంటారు. సార్ ఆ పెళ్ళి ఆధారంతోనే పోతున్నారు కాబట్టి, రిజిస్ట్రారు ఇచ్చిన ధ్రువపత్రంతో, ఒకే తారీఖుతో మళ్ళీ రావాలి. నా నలభైరెండు పుటలూ, ట్యాగు వేరుగా, నా చేతికి తిరిగి వచ్చాయి.

తిరుగు ప్రయాణంలో ఆటో నారాయణగూడ చేరింది. అక్కడ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మా ఆవిడ నావైపు తిరిగింది.

"అంటె ఇన్నేండ్లసంది మీరు పదకొండో తారీఖు పూలు తెచ్చేది పెండ్లిరోజనా?"

"మరెందుకనుకున్నావు?"

"మీరు ఏ పనైనా గడువుకు ఒక్కరోజు ముందుగాల చేస్తరు గద. ఊరికి పోవాలంటె రైలుకు రెండు గంటల ముందుగాల స్టేషన్ల ఉంటరు. పూలు గూడ గట్లనే ముందురోజే తెస్తున్నరనుకున్న. మంచి అలవాటే అని ఊకున్న."

నేను అనుకున్నది కూడా చెప్పవలసి వచ్చింది. ప్రతి ఏటా మే పన్నెండున ఆమె సేమియా పాయసం చేస్తుంది. పెళ్ళిరోజు పాయసం ఒక రోజు ఆలస్యంగా చేస్తున్నదని, తాళం దగ్గర తప్ప ఆమెకు కాలంతో పట్టింపు లేదు కాబట్టి సహించాలని నేను నిశ్చయించుకున్నాను. నా డైరీలలో ముప్పైతొమ్మిది సార్లు, మే పన్నెండు దగ్గర, "పాయసం. ఒకరోజు ఆలస్యం" అని ఉన్నది.

"డైరీల రాసిండ్రా?"

"రాశాను."

"ముప్పైతొమ్మిది మాట్లు?"

ఆటో నడిపే ఆయన అద్దంలోనుండి మమ్మల్ని చూశాడు. "అంకుల్, లడాయి ఎందుకు? వేరేటోళ్ళు ఒక్కరోజు చేస్కుంటరు, మీరు రెండురోజులు చేస్కుంటున్నరు. ఫాయిదానే గద."

ఇంటికి వచ్చిన తరువాత వాదం విధివిధానంగా సాగింది. నేను పంచాంగం తీశాను. ఆమె పంచాంగాన్ని చూడనైనా చూడలేదు.

"ఏకాదశి ఉపాసానికి సూర్యోదయం లెక్క సరే. మరి రైలుకు? మా తమ్ముడు రాత్రి పన్నెండున్నర బండికి ఒక్కరోజు ఆలస్యంగ పోయినప్పుడు, కాచిగూడ స్టేషన్ల అందరిముందట వానికి ఎవరు క్లాసు పీకిండ్రు? 'పన్నెండు దాటితే తారీఖు మారుతుందని చదువుకున్నవానికి తెలియదా' అన్నదెవరు?"

నేనే. ఆ మాట అక్షరం పొల్లుపోకుండా నాదే. ముప్పై ఏళ్ళ క్రితపు సాక్ష్యాన్ని ఇంత భద్రంగా దాచుకున్న మనిషికి ఫైళ్ళతో పనిలేదు.

"అది రైలు. ఇది పెళ్ళి," అన్నాను.

"విమానం గూడ రైలు లెక్కనే," అన్నది. తరువాత వీణ ముందు కూర్చుని, బిరడాలు సరిచేస్తూ, నావైపు చూడకుండానే చెప్పింది. "శ్రావణం వరకు మీ కాగితం రాకపోతె నేను పోత. పిల్లలకు మాట ఇచ్చిన. మీరు ఎనుక రాండ్రి, అప్పటికి ఏదో ఒక తారీఖు తేల్చుకుని."

కోపంగా అనలేదు. శ్రుతి కలుపుకుంటూ అన్నది. నాకది ఇంకా కష్టంగా తోచింది. నా చేతి గడియారానికి ప్రతి ఉదయం కీ ఇచ్చేది ఆమె వీణ మోగగానే. ఐదు గంటలకు ఆమె మొదటి తంతి మీటుతుంది, నేను గడియారం తీస్తాను. కాలంతో పట్టింపు లేదని నేను డైరీలో వ్రాసుకున్న మనిషి వీణను బట్టే నలభై ఏళ్ళుగా నేను కాలం సరిచూసుకుంటున్నానని ఆనాటి సాయంత్రం మొదటిసారి గమనించాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. రిజిస్ట్రారు కార్యాలయంలో మే పద్నాలుగున సమయం తీసుకున్నాను.

పెళ్ళికి హాజరైన సాక్షులు కావాలన్నారు. బర్కత్‌పురలో నా చిన్ననాటి స్నేహితుడు ఉన్నాడు. ఏడవ తరగతినుండి ఒకే బెంచీ. ఆయనను అడగడానికి పోయాను. విషయమంతా విని ఆయన చాలాసేపు నవ్వి, తరువాత చేతులెత్తేశాడు.

"నీ పెండ్లికి వచ్చిన, నిజమే. కని పెండ్లి చూల్లేదు బై."

"చూడకపోవడమేమిటి? కాచిగూడ ఫంక్షన్ హాలులో మొదటి వరుసలో నీకు కుర్చీ వేయించాను."

"గా కుర్చీలనే పండుకున్న. రాత్రి భోజనం చూసిన, పొద్దుగాల ఉప్మా చూసిన. నడిమిట్ల ఏమైందో నాకు తెల్వదు. నువ్వు పెండ్లి చేసుకున్నవని నలభై ఏండ్లసంది నీ మాటమీదనే నమ్ముతున్న."

అర్ధరాత్రి ముహూర్తాల సంగతే అంత. పెళ్ళికి మూడువందల మంది వస్తారు, తాళి కట్టేటప్పుడు పురోహితుడు, సన్నాయివాళ్ళు, నలుగురు ఆడవాళ్ళు మిగులుతారు. తక్కినవారు జంపఖానాల మీద వరుసలు తప్పి పడుకుని ఉంటారు. నిద్రపోయినవాని చేత చూసినట్టు సంతకం పెట్టించడం నాకు సమ్మతం కాదని చెప్పాను.

ఆయన భార్య లోపలినుండి చాయ్ తెచ్చింది. ఆమె మా ఆవిడతో కలిసి సంగీతం నేర్చుకున్న మనిషి. ఆ రోజు పొద్దున ఈయనను ఉప్మాకు తట్టిలేపింది కూడా ఆమెనే. తరువాతి ఏడు వాళ్ళ పెళ్ళి జరిగింది.

"నేను చూసిన అన్నయ్యగారూ. నేను వస్త సంతకానికి," అన్నది. "తాళి కట్టేటప్పుడు మొదటి ముడి జారిపోయింది. మీ అక్కయ్య మళ్ళ ఏసింది."

ఆ వివరం దరఖాస్తుకు అవసరం లేదని నేను చెప్పాను.

"ఏందీ, ముడి జారిందా?" అని నా స్నేహితుడు నిటారుగా కూర్చున్నాడు. "నలభై ఏండ్లసంది ఇంత మంచి సంగతి నాకు చెప్పలేదేందే? ఇగ నేను గూడ వస్త పా."

మే పదకొండు వచ్చింది. ప్రతి సంవత్సరంలాగే సాయంత్రం ఐదింటికి చిక్కడపల్లి మార్కెట్టుకు నడిచాను. పూలమ్మే ఆమె నన్ను దూరంనుండే చూసి మూర కొలవడానికి చేయి చాపింది.

"పదకొండో తారీఖు గద సార్. రెండు మూరలేనా?"

నేను నిలబడ్డాను. కొంటే నా పదకొండును వదులుకోనట్టు. కొనకపోతే? మల్లెపూల గంప ముందు నిలబడి ఇంతసేపు ఆలోచించిన మనిషిని ఆమె చూసి ఉండదు.

"రేపు," అన్నాను.

"రేపా?" ఆమె చేయి దించి నా ముఖం పరీక్షగా చూసింది. "పానం మంచిగున్నదా సార్?"

వట్టి చేతులతో ఇంటికి పోయాను. మా ఆవిడ నా చేతులవైపు చూసింది. పాఠం చెప్పుతున్న శిష్యురాలితో, "మళ్ళ మొదటినుంచి," అన్నది. ఆ మాట నాతో అన్నట్టే వినపడింది.

పన్నెండవ తారీఖు ప్రొద్దున్నే, మార్కెట్టులో గంపలు దించుతుండగానే పోయి, రెండు మూరలు తెచ్చాను. ఇంట్లో అడుగుపెట్టేసరికి సేమియా వేగుతున్న వాసన. పూలు, పాయసం ఒకే రోజున మా ఇంట్లో కలవడం అదే మొదటిసారి. ఆమె పూలు తీసుకుని తలలో పెట్టుకుంటూ అడిగింది.

"ఇగ డైరీల ఏం రాస్తరు? ఇయ్యాల ఆలస్యం ఎవ్వరిది?"

నేను ఆ రోజు డైరీలో ఏమీ వ్రాయలేదు.

పద్నాలుగున నలుగురం రిజిస్ట్రారు కార్యాలయానికి పోయాము. అక్కడి అధికారి నడివయస్సువాడు, కళ్ళద్దాలు నుదుటిమీద పెట్టుకుని ఉన్నాడు. శుభలేఖను ఒకసారి చూసి, నేను సూర్యోదయం సంగతి ఎత్తేలోపలే చేయి చూపి ఆపాడు.

"ఎరికే సార్. తెల్లవారితే సోమవారం. ఇసొంటియి శానా వస్తయి. పంచాంగం లెక్కల మీరు రైట్. సర్కారు లెక్కల మేడమ్ రైట్. నేను సర్కారు మనిషిని."

ఇంత తక్కువ మాటలలో ఇంత పూర్తి తీర్పు నేను నా ఉద్యోగంలో ఎన్నడూ వ్రాయలేకపోయాను. అయినా నా మనస్సులో ఉన్న రెండవ సందేహాన్ని దాచడం న్యాయం కాదని తోచి, నా స్నేహితుణ్ణి చూపించాను.

"వీరు వివాహానికి వచ్చారు. అయితే ఆ సమయంలో నిద్రలో ఉన్నారు. సాక్షిగా చెల్లుతారా?"

"అరే!" అన్నాడు నా స్నేహితుడు. "నలభై ఏండ్లకు గూడ నన్ను పండనియ్యవా?"

అధికారి కళ్ళద్దాలు దించుకుని ఫారం మొత్తం ఒకసారి చదివాడు. నా ప్రశ్నను ప్రశ్నగా స్వీకరించిన ఆ పద్ధతి నాకు నచ్చింది.

"హాజరైండా లేదా అనే ఉన్నది సార్. మెలకువగ ఉండాలెనని ఫారంల లేదు."

నా స్నేహితుడు సంతకం పెట్టాడు. ఆయన భార్య సంతకం పెట్టింది. మా ఆవిడ పెట్టింది. నా వంతు వచ్చినప్పుడు అధికారి ఒక తెల్లకాగితం నా ముందుకు త్రోశాడు.

"వీసావాళ్ళకు మీరు పదకొండు అని రాసిచ్చిండ్రు గద సార్. అది ఎందుకు రాసిండ్రో, ఇప్పుడు పన్నెండు ఎందుకో, ఒక నాలుగు లైన్లు రాసి నోటరీ చేయించుకుని దీనికి జతవెట్టుండ్రి. సంజాయిషీ లెక్క. లేకపోతె మళ్ళ వాపసు పంపుతరు."

సంజాయిషీ! నేను నా జీవితంలో ఎందరిచేత వ్రాయించి ఉంటానో లెక్కలేదు. ఆలస్యంగా వచ్చినవారు, ఫైలు తప్పు బీరువాలో పెట్టినవారు, సెలవుచీటీ ఇవ్వకుండా మేడారం జాతరకు పోయినవారు. నా దగ్గర ఒక నియమం ఉండేది: సంజాయిషీలో "కానీ" అన్న మాట రాకూడదు. వస్తే దానిని ఎర్రసిరాతో చుట్టి తిరిగి పంపేవాణ్ణి. తప్పు ఒప్పుకొనేవానికి "కానీ"తో పనిలేదని నా అభిప్రాయం.

బల్ల చివర కూర్చుని మొదటి ప్రతి వ్రాశాను. చదువుకున్నాను. అందులో మూడు "కానీ"లు, ఒక "అయినప్పటికీ" ఉన్నాయి. చించి రెండవది వ్రాశాను. మా ఆవిడ నా భుజం మీదుగా చదివింది.

"ఇంకొకటి మిగిలింది."

"ఎక్కడ?"

"ఇక్కడ. 'శాస్త్రప్రకారం సరియైనదే' అన్నరు చూడుండ్రి. అది గూడ కానీ చుట్టమే."

కొట్టివేశాను. చివరకు నాలుగు పంక్తులు మిగిలాయి: మా వివాహం మే పన్నెండున జరిగినది, పదకొండు అని వ్రాసినది నేను, పొరపాటు నాది, మన్నించగలరు. ఇంత చిన్న కాగితం వ్రాయడానికి గంట పట్టింది. సంతకం పెట్టి తలెత్తేసరికి నా స్నేహితుడు ఎదుటి కుర్చీలో కూర్చుని నిద్రపోతున్నాడు. ఈసారి కూడా ఆయన ముఖ్యమైన ఘట్టాన్ని చూడలేకపోయాడు.

తరువాతి వారం నేనొక్కణ్ణే ఆ అద్దాల భవనానికి పోయాను. ట్యాగు వేయలేదు. కాగితాలను ఒక ప్లాస్టిక్ సంచిలో, విడిగా, పెళ్ళిలో జంపఖానా మీద పడుకున్న జనంలాగా వేసుకుని పోయాను. అదే అమ్మాయి. ధ్రువపత్రం చూసింది, సంజాయిషీ చదివింది, ముఖం అటు త్రిప్పుకుని కొంచెం నవ్వుకున్నది.

"మేడమ్‌కు కంగ్రాట్స్ చెప్పుండ్రి సార్," అన్నది.

మా ఆవిడ వీసా జ్యేష్ఠంలో వచ్చింది. నాది రాలేదు. ఆషాఢం సగమైంది. ఆమె వీణకు చెక్కపెట్టె చేయించింది. పక్కవీధి వడ్రంగి వచ్చి కొలతలు తీసుకుపోయాడు. విమానం టికెట్టు ఒకటి తీసుకోవాలా, రెండు తీసుకోవాలా అని సంఘంవారు రెండుసార్లు అడిగారు. ఆమె రెండుసార్లూ "జర ఆగుండ్రి" అన్నది. ఉదయం ఐదింటికి గడియారం సరిచూసుకుంటున్నప్పుడు నేను మామూలుకంటే కొంచెం ఎక్కువసేపు కీ తిప్పుతుండేవాణ్ణి.

ఒక బుధవారం మధ్యాహ్నం కొరియర్ మనిషి తలుపు తట్టాడు. పాస్‌పోర్టు తెరిచాను. దీర్ఘకాల నివాసం, అనేక ప్రవేశాలు, ఆధారితుడు. ఆ మూడవ మాటను ఈసారి మంచినీళ్ళు త్రాగకుండానే చదవగలిగాను. మా ఆవిడ చూసి, ఫోను తీసి, "రెండు," అని మాత్రం చెప్పి పెట్టేసింది.

ఆ సాయంత్రం సంఘంవారి నుండి ప్రయాణ వివరాల ఉత్తరం వచ్చింది. విమానం దిగే సమయం, తీసుకుపోవడానికి వచ్చేవారి వివరం, చివర ఒక సూచన: మా గడియారం మీ గడియారంకంటే గంటన్నర వెనుక, చేరగానే సరిచేసుకోగలరు. ఎన్ని గంటలకు వీణ మోగితే ఎన్ని గంటలకు నేను కీ ఇవ్వాలో లెక్క వేద్దామని కాగితం, పెన్సిలు తీసుకున్నాను. గంటన్నర తీసివేయడం మొదలుపెట్టిన చేయి తనంతట తానే ఇంకొక లెక్క వేసింది. పన్నెండు గంటల నలభైఏడు నిమిషాలలోనుండి గంటన్నర తీస్తే పదకొండు గంటల పదిహేడు నిమిషాలు. అర్ధరాత్రి ఇంకా కాలేదు. అంటే, మొదటి ముడి జారిన ఆ క్షణంలో, ఇప్పుడు నాకు వీసా ఇచ్చిన దేశంలో, సర్కారు లెక్కలోనే, మే పదకొండు.

రెండుసార్లు సరిచూశాను. తరువాత ఆ కాగితాన్ని వంటింట్లోకి తీసుకుపోయి, చిక్కుడుకాయలు త్రుంచుతున్న మా ఆవిడ ముందు పెట్టాను. ఆమె చేయి తుడుచుకుని లెక్కను పైనుండి క్రిందిదాకా చదివింది. సంగీతం మనిషి, తీసివేత తప్పితే పట్టుకుంటుంది. తప్పలేదు.

"అయితె ఏందిప్పుడు? సంజాయిషీ వాపసు తీసుకుంటరా?"

"సమర్పించిన కాగితాన్ని వాపసు తీసుకునే పద్ధతి లేదు."

"లేదు గద." ఆమె ఇంకో చిక్కుడుకాయ ఈనె తీసింది. "సరే, అక్కడ ఉన్నప్పుడు పదకొండునే పాయసం చేస్త. ఇక్కడికొచ్చినప్పుడు మాత్రం పన్నెండే. ఎన్నిమాట్లన్న రావచ్చు, పోవచ్చునని రాసిచ్చిండ్రు గద, మనకేం ఫికరు?"

"పూలు?"

"పాయసం ఏ రోజో పూలు ఆ రోజే. ముందురోజు తెస్తె తీసుకోను."

నేను ముందుగదిలోకి వచ్చి, ఈ ఒప్పందాన్ని ఆమె చెప్పిన మాటలలోనే ఒక కాగితం మీద వ్రాసి, ధ్రువపత్రం, సంజాయిషీల నకళ్ళ తరువాత చేర్చి, కుడివైపు పైన ఎర్రసిరాతో నలభైఐదు అని అంకె వేశాను. ఎవరి స్కానింగుకూ పోవలసిన పని లేదు కాబట్టి, మొత్తం ఫైలుకు మళ్ళీ ట్యాగు వేశాను.